కన్నుగారి కొలత

కాగితాల మీద ఆయన హోదా "ప్రామాణిక పరిశీలకుడు". అంత మాటని క్యాంటీను దాకా మోసుకెళ్ళలేక తోటివాళ్ళు ఆయన్ని కన్నుగారు అని పిలిచేవారు. ఆ కంపెనీలో నాలుగు వందల మంది పనిచేసేవారు. తలా రెండు చొప్పున ఎనిమిది వందల కళ్ళు. వాటిలో జీతమిచ్చి చీకట్లో కూర్చోబెట్టినవి మాత్రం ఆయన రెండే.

ఆయన కూర్చునేది రెండో అంతస్తులో కిటికీ లేని గది. గోడలు, పైకప్పు, నేల, ఆఖరికి తలుపు వెనక చొక్కా తగిలించుకునే కొక్కెం కూడా నల్లరంగే. మధ్యలో బల్ల, దాని మీద మూడు ఊలు ఉండలు, ఒక గాజు సీసా, రంగురంగుల గళ్ళ అట్ట, విగ్గు పెట్టుకున్న ప్లాస్టిక్ ఆడబొమ్మ తల. పద్నాలుగేళ్ళలో ఆ బొమ్మ ముఖాన్ని చూసినంతసేపు భార్య ముఖాన్ని చూడలేదని ఆయన నిజాయితీగా ఒప్పుకునేవారు. ఈ విషయంలో బొమ్మకి ఏ ఫిర్యాదూ లేదు. భార్యకి ఉంది.

కంపెనీ తయారుచేసేది సెన్సర్లు. ఫోను కెమెరా అద్దం వెనకాల, చిటికెనవేలి గోరులో సగం ఉండే బిళ్ళ అది. దాని మీద కోట్ల కొద్దీ గుంటలుంటాయి. వెలుతురు వాన అనుకుంటే అవి గిన్నెలు. పగలు కుండపోత కాబట్టి ఎంత పిసరు గిన్నె అయినా నిండుతుంది. చీకట్లో అటో చినుకు, ఇటో చినుకు, అందుకే ఒకప్పుడు చీకట్లో తీసిన ఫోటోలో ఎవరి మొహమైనా ఆవాలు చల్లినట్టుండేది. కన్నుగారు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గిన్నెల మీదుగా తీగలు, బట్టలారేసే దండేల్లా అడ్డంగా పోయేవి. ఎవరో బుద్ధిమంతులు బిళ్ళని బోర్లించి తీగల్ని వెనక్కి నెట్టారు. తరవాత, చీకటి పడితే నాలుగు గిన్నెల్నీ కలిపి ఒక్కటిగా లెక్కపెట్టడం నేర్చారు. ఆ తరవాత రెప్పపాటులో పన్నెండు ఫోటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, అన్నిట్లోనూ ఉన్నదాన్ని ఉంచి, ఒక్కదాంట్లోనే ఉన్న ఆవగింజని ఏరెయ్యడం నేర్చారు. ఇన్ని విద్యలు నేర్చిన బిళ్ళకి ఎంత చూపు వచ్చిందో తేల్చాలంటే పక్కన నిలబెట్టడానికి ఏదో ఒక కొలత కావాలి. ఆ కొలత కన్నుగారు.

పద్ధతి ఇలా ఉండేది. తలుపు మూసి, దీపాన్ని మీట తిప్పి తిప్పి, వెన్నెల లేని రోజున వీధి చివర ఉండేంత వెలుతురుకి తగ్గిస్తారు. కన్నుగారు కుర్చీలో అరగంట ఊరికే కూర్చుంటారు. కన్ను చీకటికి అలవాటు పడటానికి అంతసేపు పడుతుంది. ఇది దేవుడు పెట్టిన గడువు కాబట్టి మేనేజర్లు కూడా తగ్గించలేకపోయారు. అప్పుడు నలభై అట్టల కట్టలోంచి ఒకటి తీసి ఎదురుగా నిలబెడతారు. దాని మీద ఎనిమిది వరుసల అంకెలు, పై నుంచి కిందకి చిన్నవవుతూ. ఆయన ఎన్ని వరుసలు చదివితే అది "కన్నుగీత". అదే అట్టని కెమెరా ఫోటో తీస్తుంది. కెమెరా గీత దాటిందా లేదా అన్నది రిపోర్టు.

గదిలో వెలుతురు కొలిచే మీటరుని ఆర్నెల్లకోసారి మఖ్‌మల్ పెట్టెలో పెట్టి పరీక్షకి పంపేవారు. స్టాండు కాళ్ళకి తనిఖీ చీటీ ఉండేది. బొమ్మ విగ్గు వాడిపోయిందా అని ఏటా చూసి సంతకం పెట్టేవారు. ఆ గదిలో ఏ చీటీ లేకుండా, ఎవరూ తనిఖీ చెయ్యకుండా పద్నాలుగేళ్ళు గడిపిన వస్తువు ఒక్కటే. అది కుర్చీలో కూర్చుని ఉండేది.

రెండేళ్ళ కిందటి దాకా ఆయన ఆరు వరుసలు చదివేవారు, కెమెరా రెండు. తరవాత కెమెరా మూడుకి ఎక్కింది. ఆయన అయిదుకి దిగారు. నిద్ర చాలడం లేదనుకున్నారు. మరికొన్నాళ్ళకి కెమెరా నాలుగు చదివిన రోజున ఆయన మూడు చదివారు. ఆ మూడో వరుసలో రెండంకెలు కేవలం ఊహ. తలుపు తీసి లైట్లు వెయ్యగానే చప్పట్లు మోగాయి. గోరంత బిళ్ళ మనిషి కంటిని దాటిన శుభదినం ఇదని పెద్ద ఇంజనీరు గొంతు సవరించుకుని మాట్లాడింది. ఆవిడ ఆయనకంటే పదేళ్ళు చిన్నది, మాట తప్పని మనిషి, ఆ రోజు నిజంగానే సంతోషించింది. కేకు తెప్పించారు. ఓడినవాడి చేత కోయించడం మర్యాద అని కత్తి కన్నుగారికిచ్చారు. కేకు మీద క్రీముతో "కంటికంటే మిన్న" అని రాసి ఉంది. ఆయన కచ్చితంగా "కంటి" మీద పెట్టి కోశారు.

విజ్ఞానం అంత వేగంగా ఎందుకు పెరిగిందో ఆ భవనంలో ఒక్కడికే తెలుసు. సగం పెరగడం బిళ్ళది, సగం తరగడం తనది.

ఇంట్లో సంగతి ఇంకోలా ఉంది. ఆయన భార్య బట్టలుతికే దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసేది, వచ్చేపోయే మాటలన్నీ ఆవిడ చెవిన పడేవి.

"మేడమీది మాస్టారు మళ్ళీ అడిగారు," అంది ఒక సాయంత్రం. "మీ ఆయనకి నా మీద కోపమా అమ్మా అని. మెట్ల దగ్గర ఎదురుపడి నమస్కారం పెడితే గోడని చూసినట్టు చూసి పోయారట."

"ఏదో ఆలోచనలో ఉండుంటాను."

"మీ ఆలోచనలన్నీ పొద్దు గూకాకే వస్తాయేం? పగలు అందరితోనూ బానే ఉంటారు."

"ఆఫీసు పని అలాంటిది."

"అలాంటిదే మరి. ఊరంతా కన్నుగారూ కన్నుగారూ అంటుంటే కళ్ళు నెత్తికెక్కాయి. కాస్త కిందకి దించి నడవండి, నిన్న నా కుట్టుమిషను మీద పడ్డారు."

గుడ్డివాడు అనే పేరు కంటే పొగరుబోతు అనే పేరు ఆయనకి కాస్త మర్యాదగా తోచింది. భార్యకి చెబితే ఆవిడ అరవదు, ఏడవదు, ఆ క్షణం నుంచి చెయ్యి పట్టుకుని నడిపించడం మొదలుపెడుతుంది. అదే ఆయన భయం.

డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళారు. డాక్టరు రెండు కళ్ళలోకీ చాలాసేపు దీపం వేసి చూశాడు.

"రెటీనా అంచుల నుంచి ఎండుతూ వస్తోంది. ముందు చీకట్లో చూపు పోతుంది. మామూలు మాటల్లో రేచీకటి అంటాం. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా మేనమామకి ఉండేదండి."

"పుట్టుకతో వచ్చేదే, బయటపడటం ఆలస్యమైంది. మందు లేదు. పగటి చూపు ఇంకొన్నేళ్ళు ఉంటుంది. మీరేం పని చేస్తుంటారు?"

"చీకట్లో చూస్తుంటానండి."

డాక్టరు నవ్వి, హాస్యం ఉన్నవాళ్ళు ఇలాంటివి తట్టుకుంటారని మెచ్చుకుని, కాగితం రాసిచ్చాడు. కన్నుగారు దాన్ని బీరువాలో, అర కింద పరిచిన పాత పేపరు కింద పెట్టారు. అది అక్కడ నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలల్లో ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. గుర్రానికి పెట్టినట్టు క్యారెట్లు తిన్నారు. అరగంట బదులు యాభై నిమిషాలు కూర్చున్నారు, మనిషి పనిలో ఎంత శ్రద్ధ చూపిస్తున్నాడో అని దానికీ పొగిడారు. చిన్నప్పుడు మేనమామ చెప్పులు సందెవేళ తారుమారు చేసి దాక్కుని నవ్వినందుకు, ఎప్పుడో పోయిన ఆ మేనమామకి మనసులో క్షమాపణ చెప్పుకున్నారు. కళ్ళకి ఇవేవీ పట్టలేదు. చివరికి అట్ట ఎదురుగా ఉందన్న నమ్మకంతో, నోటికొచ్చిన అంకెలు గంభీరంగా చదివేవారు. అంకెలు పదే కాబట్టి పదింట ఒకటి తగిలేది.

అయినా నెట్టుకొచ్చారు. మనసుని ఊరుకోబెట్టడానికి ఒక మాట ఉండేది: ఫోను ఫోటోయే కదా, ఎవడి ప్రాణం పోతుంది. పుట్టినరోజు ఫోటోలో మొహం కాస్త మసకైతే లోకం మునగదు.

ఆ మాటని ఒక ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చి ఊడబెరికాడు. అతను లారీ డ్రైవరు, భార్యకి తమ్ముడు, నోరు మూస్తే ఊపిరాడని మనిషి.

"బావా, నీ పుణ్యమా అని యార్డులో నాకు రాచమర్యాద," అన్నాడు కుర్చీలో కూలబడి. "మా లారీలన్నిటికీ పక్క అద్దాలు పీకేసి కెమెరాలు పెడుతున్నారు. లోపల బుల్లి టీవీ. వెనక ఏముందో అందులో చూసుకోవాలట."

"ఏ కెమెరాలు?"

"మీవే. పెట్టె మీద రాసుంది, కంటికంటే మిన్న అని. మా వాళ్ళు మొరాయించారు. చీకట్లో వెనక్కి తోలుతుంటే క్లీనరు ఎక్కడున్నాడో ఈ డబ్బా చెబుతుందా, ఎవడి కన్నుకంటే మిన్న అన్నారు. అప్పుడు లేచాను నేను. ఎవడి కన్నో కాదురా, మా బావ కన్ను, పద్నాలుగేళ్ళ సర్వీసు అన్నాను. అంతే, నోళ్ళు మూశారు."

"మూశారా?"

"మూయరా మరి. నీ మీద భరోసాతో నలభై మంది సరే అన్నారు. బుధవారం నాకు బిగిస్తారు. ఏం బావా, అలా అయిపోయావేం, పొగిడితే అరగదా?"

"ఆయనకి పొగడ్త కూడా సరిగ్గా వినబడి చావదు," అంది లోపల్నుంచి భార్య.

సోమవారం పొద్దున్నే కన్నుగారు బీరువాలో పేపరు ఎత్తి కాగితం తీసుకున్నారు. పెద్ద ఇంజనీరు గదికి వెళ్ళేసరికి ఆవిడ ఎవరికో ఉత్తరం రాస్తోంది.

"మేడమ్, ఆ రిపోర్టు తప్పు."

"ఏది?"

"రెండేళ్ళ నుంచీ అన్నీనూ."

ఆవిడ తలెత్తకుండానే నవ్వింది. "దీపం తప్పా, కెమెరా తప్పా?"

"నేను తప్పు."

కాగితం చూసింది. రెండోసారి చూసింది. తరవాత, అంత చదువుకున్న మనిషీ, చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపించింది. "ఇవెన్ని?"

"రెండు. ఇది పగలు, మేడమ్."

ఆవిడ చెయ్యి దించింది. లేచి, చీకటి గది తాళం తనే తీసింది. ఇంకో కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేసుకుని కూర్చుంది. మీట తిప్పాక అరగంట కూర్చోవాలి కదా, కూర్చున్నారు. బయట నడవాలో ఎవరో క్యాంటీనుకి పోతూ నవ్వుకుంటున్నారు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అంది చీకట్లోంచి.

"చెబితే ఇంకేం మిగులుతుంది మేడమ్. మీటరు పాడైతే ఇంకో మీటరు కొంటారు."

పక్కన ఆవిడ కుర్చీ కిర్రుమంది. తరవాత అంది, "మీ కళ్ళ సంగతి మేం ఎప్పుడూ అడగలేదు. అది నేను రాయాలి."

అరగంట అయ్యాక ఆవిడ కట్టలోంచి అట్ట తీసి నిలబెట్టి చదివింది. ఒకటి, రెండు, మూడు వరుసలు. నాలుగు. అయిదు. ఆరో వరుసలో తడబడింది గానీ ముగించింది. ప్రతి అంకె దగ్గరా కన్నుగారు తల ఆడించారు, సరిచూస్తున్నవాడిలా, అలవాటు కొద్దీ. ఆయన ఎదుట నల్లటి నలుపు తప్ప ఏమీ లేదు. అట్ట ఎటువైపు పెట్టారో కూడా గొంతుని బట్టి తెలుసుకున్నారు.

కెమెరా నాలుగు చదివింది. లైట్లు వేశాక ఆవిడ ముఖం ఆ ప్లాస్టిక్ బొమ్మ ముఖంలా ఉంది.

"రెండు వరుసలు తక్కువ," అంది. "సరుకు వెళ్ళి మూడు నెలలైంది."

"ఆపొచ్చు కదా మేడమ్."

"ఉన్నదున్నట్టు రాస్తాను. ఆపడం నా చేతిలో లేదు."

రాసింది కూడా. మాట తప్పని మనిషని ముందే చెప్పుకున్నాం. బుధవారం మధ్యాహ్నం పైనుంచి జవాబు వచ్చింది. మనిషి కన్ను మనిషి మనిషికీ మారుతుంది కనుక అది శాస్త్రీయమైన కొలత కాదనీ, ఈ లోపాన్ని ఎత్తిచూపినందుకు విభాగానికి అభినందనలనీ, ఇకపై "పరిశీలకుడు" అనే అంశాన్ని ప్రమాణం నుంచి తొలగించడమైనదనీ, కొత్త సెన్సర్ని పాత సెన్సర్‌తోనే పోల్చాలనీ అందులో ఉంది. ఆ లెక్కన బిళ్ళ దివ్యంగా నెగ్గింది. దాన్ని ఓడించగలిగిన కొలతే లోకంలో లేకుండా పోయింది. చివరి వాక్యంలో ఉద్యోగి ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని, వెలుతురు పుష్కలంగా ఉండే ప్యాకింగు విభాగానికి ఆయన్ని బదిలీ చేశారు. అంటే ఆ పెట్టెల్ని ఇక ఆయనే అతికించాలి.

"ఇంకోసారి రాయరా?" అన్నారు కన్నుగారు.

"రాశాను. దానికి జవాబు రాలేదు." ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "ఇంకేం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను."

ఆ గొంతు ఆయనకి పరిచయమే. నాలుగు నెలలుగా తనలో తాను మాట్లాడుకుంటున్న గొంతు అది.

పొద్దుండగానే యార్డు చేరాలని బయల్దేరారు. బస్సు ఆలస్యమైంది. దిగేసరికి వెలుతురు అడుగంటింది, గేటు దగ్గర డీజిలు వాసన, కంకర మీద చక్రాల చప్పుడు మిగిలాయి. ఒక్క అడుగు లోపలికి వేసి ఆగిపోయి, ఫోను చేశారు.

బావమరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఏంటి బావా, తనిఖీకా? రా రా, మెకానిక్ ఇప్పుడే రెండో అద్దం కూడా పీకాడు."

"మళ్ళీ పెట్టించు."

"ఏంటి?"

"అద్దం మళ్ళీ పెట్టించు. ఆ కెమెరాని నమ్మకు. అది కంటికంటే తక్కువ చూస్తుంది."

"నీ కంటికంటే మిన్న అని నువ్వే కదా సంతకం పెట్టావు."

"నా కంటికంటే మిన్నే. నాకు రేచీకటిరా."

బావమరిది నవ్వాడు. ఆయన నవ్వకపోవడంతో ఆ నవ్వు మధ్యలో తెగింది. కంకర చప్పుడైంది, దగ్గరికొచ్చినట్టున్నాడు.

"నా చేతిలో ఏముందో చెప్పు."

"నీ చెయ్యే కనబడటం లేదు."

"బావా, నీ మొహం ముందు పెట్టాను."

"పెట్టే ఉంటావు."

దూరంగా మెకానిక్ పాన రాయి మీద పడేసిన చప్పుడు. నోరు మూస్తే ఊపిరాడని మనిషి అంతసేపు మూసుకోవడం కన్నుగారు ఎరిగినంతలో అదే మొదలు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"నలభై మందికి చెప్పాను బావా నేను. నలభై మందికి. నీ కన్ను మీద ఒట్టేసి చెప్పాను." గొంతు పైకి లేచి, మళ్ళీ కిందకి పడింది. "అక్కకి తెలుసా?"

"తెలీదు."

"ఎవరికీ చెప్పకుండా... ఛీ. మనిషివా నువ్వు."

తిట్టి, మెకానిక్‌ని కేకేసి అద్దాలు రెండూ తిరిగి బిగించమన్నాడు. కాగితం లేనిదే బిగించనని మెకానిక్ అన్నాడు. కాగితం కావాలంటే తన వీపు మీద రాసుకోమని బావమరిది చెప్పాడు. బోల్టులు బిగుస్తున్న చప్పుడు వినబడేదాకా కన్నుగారు కదల్లేదు. అప్పుడు చెయ్యి చాపారు, గాలిలోకి.

"ఇంకా ఎంతమంది ఉన్నారురా యార్డులో?"

"ఇరవై దాకా. తక్కినవాళ్ళు రోడ్డు మీద."

"ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్ళు."

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి బావమరిది పట్టుకున్నాడు, మెత్తగా ఏమీ కాదు, దొంగని పట్టుకున్నట్టు.

మొదటి లారీ డ్రైవరు పెద్దవయసు మనిషి, చేతిలో ఫలహారం పొట్లం కాబోలు, నములుతూ మాట్లాడాడు. చెయ్యి పట్టించుకుని వస్తున్న పెద్దమనిషిని చూసి ముందే అన్నాడు, "కంటి పరీక్షకైతే నాకు మొన్ననే అయిందండి. నా కళ్ళు బానే ఉన్నాయి."

"పరీక్ష మీకు కాదు, నాకు," అన్నారు కన్నుగారు. "నేను తప్పాను." ఆ తరవాత మొత్తం చెప్పారు, అట్టలు, వరుసలు, ఆరు, నాలుగు, ఊహించిన అంకెలు. రిపోర్టు చదివినట్టు, ఏదీ వదలకుండా.

డ్రైవరు నమలడం ఆపాడు. "మరి మీ కంపెనీ ఏమంది?"

"బాగానే ఉందంది."

"అదీ సంగతి. మా ఆఫీసువాళ్ళు అడుగుతారు కదండీ, అద్దం ఎందుకు తియ్యనివ్వలేదురా అని. ఏం చెప్పను? కళ్ళున్నప్పుడు మీరు బాగుందన్నారు, కంపెనీ బాగుందంది. ఇప్పుడు కళ్ళు లేవంటూ వచ్చి బాగాలేదంటున్నారు. ఎవరి మాట వింటారు?" వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"రాత్రి వెనక్కి తోలేటప్పుడు దిగి చూసుకోండి," అన్నారు కన్నుగారు. "అది చాలు."

"చూద్దాం లెండి," అన్నాడు డ్రైవరు, పొట్లం మళ్ళీ విప్పుతూ.

బావమరిది చెయ్యి లాగాడు. "పద బావా, ఇంటికి. వీళ్ళు వినరు."

"పక్క లారీ ఎంత దూరం?"

"పది అడుగులు. బావా, చెబుతున్నాను, వినరు."

"రాళ్ళున్నాయా మధ్యలో?"

"ఉన్నాయి."

"చూసి నడిపించు," అన్నారు కన్నుగారు, కాలు ముందుకు వేస్తూ.